పెరటి గొయ్యి

లేతే దీవి తీరాన ఫౌస్తినో తాత మోకాలి మీద అట్ట పెట్టుకుని, పెన్సిలు ముల్లు నాలుకతో తడుపుకుంటూ, జపాను సైన్యం కాలపు చరిత్ర రాస్తుండేవాడు. పెరట్లో అప్పుడు బాంబులకు దాక్కోవడానికి తవ్విన గొయ్యిని వారానికోసారి ఊడ్చేవాడు. టీవీలో కొత్త జ్వరమన్నా, సముద్రం వేడెక్కుతోందన్నా పెదవి విరిచేవాడు. "భయపెట్టకపోతే వాళ్లకు పూట గడవదే! బాంబులు చూసిన ఊరికి గాలివాన ఒక లెక్కా?" అనేవాడు భార్యతో. ఒక ఏడాది నవంబరులో సముద్రం ఊరి మీదికొస్తుందని టీవీ మొత్తుకుంది. భార్య బసిల్యా మూట కట్టుకుని, "ఏమయ్యా, అందరూ కొండ మీది బడికి పోతున్నారు, లే!" అంది. "బాంబులప్పుడు పరుగెత్తినవాళ్లే పోయారు. నన్ను ఒళ్లో పెట్టుకుని గోతిలో కూర్చున్న మా అమ్మ బతికింది. నువ్వూ అందులోకి దిగు, కాగితాలు తీసుకుని వస్తా" అన్నాడు. ఆమె ఎప్పటిలాగే ఎదురు చెప్పకుండా దిగింది. అతను ఇంట్లోంచి బయటికి వచ్చేలోపే సముద్రం వచ్చింది.

కొబ్బరిచెట్టును కరుచుకుని తాత బతికాడు. ఇప్పుడు నాలుగు చినుకులు పడితే చాలు, అందరికంటే ముందు కొండ మీది బడికి చేరతాడు. ఇద్దరికి సరిపడా చాప పరిచి ఒక అంచున ఒదిగి కూర్చుంటాడు. పక్కన ఎవరైనా కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మనిషి ఉంది, వస్తుంది" అంటాడు.