బ్రాసో చీరకు రఫూ

తప్పు కనబడితే లింగమూర్తి చెయ్యి ఊరుకోదు. సూరత్‌లో ప్రింటింగు మిల్లు నడిచినన్నాళ్లూ, బట్టలో చిల్లి దొరికిన చోటల్లా రఫూ చేసి బతికినవాడు మరి. మిల్లు మూతపడ్డాక ఓ ఫార్మసీ కాలేజీలో ఎలుకలకు మేత పెట్టి బోనులు కడిగే పనికి కుదిరాడు. భార్య భూదేవి మూతి తిప్పింది గానీ, ఆ కొలువంటే అతనికి ప్రాణం. దానికి కారణం అన్న లస్మయ్య. మగ్గాల మధ్య రాజులా తిరిగిన మనిషికి ఇప్పుడు చేతులు వణుకుతాయి, గడప దగ్గరకొస్తే కాళ్లు నేలకు అంటుకుపోతాయి. ఆ కాలేజీలో ఇందుజ అనే అమ్మాయి చేస్తున్న పరిశోధన ఆ జబ్బు మీదే.

ఇందుజ రైల్వే ఉద్యోగం మీద సూరత్ వచ్చిన తెలుగాయన కూతురు. ఎవరడిగినా విసుక్కోకుండా చెబుతుంది. లింగమూర్తికీ అలాగే చెప్పింది.

"ఎలుకలకు ఎక్కించే ఈ విషం మెదడులో ఒక్క రకం కణాలనే చంపుతుందండీ. అవి తమ సరుకే అనుకుని దాన్ని లోపలికి లాక్కుంటాయి. పక్క కణాలకేమీ కాదు."

"అంటే బ్రాసో చీర లెక్కనే మేడం. ఆసిడ్ ముద్ద అద్దితె నూలు పోగే కరుగుతది, పాలిస్టర్ అట్లనే ఉంటది. గట్లనే పువ్వులు పడ్తయి."

ఇందుజ ఆ పోలికకు తెగ ముచ్చటపడింది.

మెదడులో ఒక పక్కనే విషం ఎక్కించిన ఎలుకలు ఒకే వైపు గుండ్రంగా తిరిగేవి. కొత్త మందు వేశాక ఆ తిరుగుడు తగ్గితే మందు పనిచేసినట్టు లెక్క. వాటిలో ఎముకల పోగులా ఉన్నదానికి లింగమూర్తి బక్కయ్య అని పేరు పెట్టుకున్నాడు. అది గానుగెద్దులా తిరుగుతుంటే చూడలేకపోయేవాడు.

ఓ రోజు మందు వేశాక బక్కయ్య తిన్నగా నడిచింది. ఇందుజ మొహం వెలిగిపోయింది. అన్నకు మందు దొరికిందని లింగమూర్తి గుండె నిండిపోయింది. ఆ సంతోషంలో నోరు ఆగలేదు.

"నేను గూడ జర సాయం జేసిన మేడం. రోజూ పల్లిగింజ చూపెట్టి ఉల్టా తిరుగుడు నేర్పిన."

ఇందుజ రాస్తున్న పెన్ను కింద పెట్టేసింది.

"లింగమూర్తిగారూ, బ్రాసో చీరలో కావాలని కరిగించిన పువ్వులకు ఎవరైనా రఫూ చేస్తారా?"

అతనికి తల కొట్టేసినట్టయింది.

"మిగతా వాటికీ నేర్పారా?"

"లేదు మేడం, వీడొక్కడే."

"బతికించారు. వీణ్ని లెక్కలోంచి తీసేస్తాను. మిగతా వాటితో పని నడుస్తుంది."

"మరి మందు?"

"పనిచేస్తుందో లేదో ఇంకా తెలీదండీ."

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. డిండోలి బస్తీలో ఇల్లు చేరేసరికి లస్మయ్య గడప లోపల కర్రలా నిలబడిపోయి ఉన్నాడు. లింగమూర్తి బయటే నిలబడి, తలొంచుకుని జరిగిందంతా చెప్పాడు.

లస్మయ్య కడుపుబ్బ నవ్వాడు. "కణాలు సచ్చినా, పల్లి కోసం ఉల్టా తిరిగిందారా?"

"తిరిగింది అన్న."

"మరి నా ముందు ఉత్త చేతులతోని నిలవడ్డవేంది? తియ్ పల్లీలు."

లింగమూర్తి జేబులో మిగిలిన గింజలు తీసి అరచేయి చాపాడు. లస్మయ్య చూపు వాటి మీదే నిలిచింది. కాలు వణికింది, మళ్లీ వణికింది, గడప దాటి ఇవతల పడింది. వెనకాలే రెండోదీ వచ్చింది. తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

లస్మయ్య గింజలు నోట్లో వేసుకుని నమిలాడు.

"పచ్చియి తెచ్చినవ్ గదరా," అన్నాడు. "రేపటి సంది ఏంచి తే."