ముఖం లేని సుత్తి

ఆమె దెబ్బ వేస్తే రెండు చప్పుళ్లు వచ్చేవి. ఒకటి పెద్దది, దాని వెనకే తోకలా ఇంకొకటి చిన్నది. తమ్ముడి దెబ్బకు ఒక్కటే. పక్కగదిలో కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి కూడా బండ దగ్గర ఉన్నది అక్కో తమ్ముడో చెప్పేయగలడు.

ఆ తోలుపని కార్ఖానాలో అందరూ ఆమెను ఎడమక్క అనేవారు. ఎడంచేతి వాటం. తండ్రి బతికి ఉండగానే బండ ముందు కూర్చుంది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా, ఈ తోలు పలక పూర్తికానీయండి అనేది. పలకలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. అడిగేవాళ్లు అడగడం మానేశారు. జుట్టు నెరిసింది. ఆమెకు దిగులు లేదు. తనకు కావలసింది తనకు దొరికింది: కిటికీ కింద నల్లరాతి బండ, దాని ముందు ఎత్తు పీట, ఉదయం నుంచి ఎండ వాలేదాకా ఎడమవైపు నుంచి వచ్చే వెలుతురు.

పని చెప్పడానికి చిన్నది. తడిపిన తోలును బండ మీద పరచాలి. ఇనుప ముద్రను ఒక చేత్తో నిటారుగా నిలబెట్టాలి. రెండో చేత్తో సుత్తి దెబ్బ వేయాలి. ఒక ముద్ర ఆకు ఈనెను వేస్తుంది, ఒకటి రేకు అంచును నొక్కుతుంది, ఇంకొకటి తీగ వెనక నేలంతా గింజలు చల్లినట్టు నింపుతుంది. ముద్ర తీశాక తోలు ఆ దెబ్బను మరిచిపోదు. ఎక్కువ పడినా, తక్కువ పడినా, పక్కకు పడినా అలాగే ఉంచుకుంటుంది.

ఇనుప సుత్తి పనికిరాదు, దానితో కొడితే ముద్రల తలలు పువ్వుల్లా విచ్చుకుపోతాయి. అందుకని కొయ్యసుత్తి. ఆ ఇంట్లో కొయ్యసుత్తి అంటే ఒక్కటే, తాత చేయించుకున్నది. దెబ్బ తగిలే రెండు ముఖాల్లో ఒకటి ఎప్పుడో బీటవారితే దానికి ఇనుప పట్టీ బిగించారు. మిగిలిన ముఖంతోనే తాత, తర్వాత తండ్రి, ఇప్పుడు తమ్ముడూ ఆమే కొడుతున్నారు. బండ ముందు కూర్చున్నవాళ్లు ఆ సుత్తే పట్టాలి. అది ఎవరూ పెట్టని నియమం, ఎవరూ దాటని నియమం.

ఆమె నేర్చుకునే రోజుల్లో ముద్ర ఒక పక్క లోతుగా, ఒక పక్క తేలిగ్గా పడేది. తండ్రి చాలాసేపు చూసి, "నీ చేతి వంపు అంతేనమ్మా. ముద్రను కాస్త నీ వైపు వంచి పట్టుకో, సరిపోతుంది" అన్నాడు. కోప్పడలేదు, ప్రేమగానే చెప్పాడు. ఆమె వంచి పట్టుకుంది. చాలావరకు సరిపోయింది. అలిసిపోయిన రోజున మాత్రం వంపు తప్పేది. అప్పుడు ముద్ర అంచు తోలును కొరికేసేది. అలాంటి రోజులు ఈ మధ్య ఎక్కువయ్యాయి. మణికట్టు సాయంత్రానికి బూరెలా ఉబ్బుతోంది.

ఆమె కొట్టిన నడుంపట్టీ ఒకటి కొన్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. తమ్ముడు దాన్ని బండ మీద పెట్టాడు.

"చూడక్కా. ఈ పక్క తోలు తెగింది. ఆ పక్క ముద్రే పడలేదు."

"చూశాను."

"తలుపుల పని నాకు వదిలెయ్. నువ్వు అంచులకి రంగు వేసుకో. హాయిగా కూర్చుని చేసే పని."

"నేనిప్పుడు నిలబడి చేస్తున్నానా?"

"అది కాదక్కా..."

"మరేది?"

తలుపుల పని అంటే ఒక పెద్ద సభాగదికి రెండు రెక్కల తలుపు. ఒక్కో రెక్కకు నిలువెత్తు తోలు తొడుగు. ఎడమ రెక్కలో మొదలైన తీగ కుడి రెక్కలోకి పాకాలి. ఆ కార్ఖానాకు అంత పెద్ద పని రావడం అదే మొదలు.

మూలన కుట్టుపని చేసే బాబాయ్ సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వాడు. తండ్రి కాలం నాటి మనిషి, నోరు ఊరుకోదు.

"రంగు డబ్బా పట్టుకో అమ్మాయ్. దాంతో నీ చెయ్యి ఏ వంకర పోయినా పడేది రంగే కదా."

"నీ సూదికి ఈ మధ్య తోలు కంటే నీ వేళ్లే బాగా దొరుకుతున్నాయట బాబాయ్. ముందు వాటికి కట్టు కట్టుకో."

బాబాయ్ వేలు చప్పరించుకుంటూ, "నిన్న ఒక్కసారేగా" అని గొణిగాడు.

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ఎడమ రెక్క నేను కొడతాను. కుడి రెక్క నువ్వు కొట్టు. పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా వస్తే నేనే లేస్తాను."

"లేచి?"

"రంగు డబ్బా పట్టుకుంటాను."

"మాట మీద ఉంటావా?"

"నీకన్నా ముందు పుట్టాను. నీకన్నా ముందు కూర్చున్నాను ఇక్కడ. అడక్కు ఆ మాట."

మర్నాడు పాత సుత్తిని సంచిలో వేసుకుని పనిముట్ల దుకాణానికి వెళ్లింది. అలాంటిదే కొంచెం తేలికది దొరికితే మణికట్టు నిలబడుతుందని ఆమె ఆశ. దుకాణం నడిపే ఆవిడ గల్లా వెనక కూర్చుని ఉల్లిపాయ పకోడీలా ముడుచుకున్న గొలుసును విప్పుతోంది.

"ఎడంచేతివాళ్లకి వేరే సుత్తి ఏదైనా ఉంటుందా?"

ఆవిడ తలెత్తింది. "సుత్తికి కుడీ ఎడమా ఏంటమ్మా? అదేమైనా చెప్పులజతా?"

ఎడమక్క నవ్వలేదు. తడిగుడ్డలో చుట్టి తెచ్చిన తోలు ముక్కను, ఒక ముద్రను బయటికి తీసింది. "కొట్టి చూసుకోవాలి."

"ఇక్కడా? సరే, ఆ రాతిమెట్టు మీద కూర్చో. వచ్చేపోయేవాళ్ల కాళ్ల మీద మాత్రం కొట్టకు."

ముందు కొత్త కొయ్యసుత్తి. ముద్రను అలవాటుగా తన వైపు వంచి పట్టుకుని కొట్టింది. ముద్ర పక్కకే పడింది, కానీ ఎప్పుడూ పడే పక్క కాదు. మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే. ఆమె ఆగింది. ఎన్నడూ చేయని పని చేసింది. ముద్రను వంచకుండా నిటారుగా నిలబెట్టి కొట్టింది.

ఒక్కటే చప్పుడు.

తోలు మీద ముద్ర నాలుగు వైపులా సమంగా దిగి ఉంది.

సంచిలోంచి పాత సుత్తి తీసి, నిటారుగానే, ఎడంచేత్తోనే కొట్టింది. వంకర. సుత్తిని కుడిచేతికి మార్చుకుంది. చిన్నపిల్ల అన్నం కలిపినట్టు చేతకాని దెబ్బ వేసింది. ముద్ర సమంగా పడింది.

పాత సుత్తిని కళ్ల ఎత్తుకు తెచ్చి పక్కనుంచి చూసింది. ముఖం ఒక వైపుకి ఏటవాలుగా అరిగిపోయి ఉంది. తాతా, తండ్రీ, ఇద్దరూ కుడిచేతివాళ్లు. వాళ్ల దెబ్బ వచ్చే దారిలో అది అరిగింది. వాళ్ల చేతికి అమిరింది. ఆ ఏటవాలు ఎడంచేతికి వచ్చేసరికి ఎదురు తిరిగింది. ఇన్నేళ్లూ చెయ్యి వంకర అన్నారు. ఆమె కూడా అనుకుంది. ఆ లేని వంకరను సరిచేయడానికి ముద్రను వంచింది, మణికట్టును వంచింది, అద్దంలో ఎప్పుడు చూసుకున్నా భుజం కూడా ఒక పక్కకి వంగే ఉండేది.

 పాత సుత్తిని సంచిలో పడేసింది.

"ఏమ్మా, కొత్తది బాగానే పడిందిగా. కట్టి ఇవ్వనా?" అంది దుకాణం ఆవిడ.

"వద్దు. ఇదీ అరుగుతుంది. నా చేతికి అరుగుతుంది. నా తర్వాత కూర్చునేవాళ్లు కుడిచేతివాళ్లయితే నన్ను తిట్టుకుంటారు. ముఖం లేని సుత్తి ఉందా?"

ఆవిడ అల్మరా కింద అరలోంచి గుండ్రటి తలల సుత్తులు తీసి వరసగా పెట్టింది. పొట్టి రోకళ్లలా ఉన్నాయి. వీటికి ముందూ వెనకా లేదు. తల చుట్టూ ఎక్కడైనా తగలొచ్చు, చేతిలో తిరుగుతూ అన్ని వైపులా అరుగుతుంది. పచ్చితోలు చుట్టిన దాన్ని కొట్టి చూసింది. మెత్తగా ఉంది, దెబ్బను సగం తనే మింగేసింది. ఇత్తడి తలది ముద్ర మీద జారి బొటనవేలి వైపు వచ్చింది. మిగిలినవి నైలాను తలవి, మూడు బరువుల్లో ఉన్నాయి. బరువైనది ఒక్క దెబ్బకే ముద్రను పాతాళానికి దించింది, మణికట్టులో మంట పుట్టించింది. తేలికదానితో ఒక దెబ్బ చాల్లేదు, రెండోది వేస్తే ముద్ర జంటగా పడింది. నడిమిది పట్టుకుంది. పిడిని చివర కాకుండా తల దగ్గరగా పట్టుకుని, ఊరికే ఎత్తి వదిలింది. ఎత్తడం వరకే చేతి పని. దించే పని బరువు చూసుకుంది.

మళ్లీ కొట్టింది. మళ్లీ. తోలు ముక్క నిండిపోయింది.

"సుత్తి కొంటున్నావా, అల్లుణ్ణి వెతుకుతున్నావా?"

"అల్లుడైతే ఇంత చూడను. వాడు రోజంతా నా చేతిలో ఉండడుగా."

ఆవిడ పొట్ట ఊగేలా నవ్వింది.

కార్ఖానాలో తమ్ముడు ఆ నల్లటి గుండ్రటి వస్తువును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంటిది? నాన్న సుత్తి ఉండగా ఈ నైలాను ముద్దేంటి?"

ఆమె పాత సుత్తి ముఖం మీద ఇనుప స్కేలు ఆనించి పట్టుకుంది. స్కేలు కింద ఒక పక్క నుంచి వెలుతురు కనిపించింది. తమ్ముడు వంగి చూశాడు. స్కేలు తనే తీసుకుని మళ్లీ ఆనించాడు.

"నాన్నకి తెలియదంటావా?"

"ఎలా తెలుస్తుంది? ఆయన చేతిలో అది ఎప్పుడూ తిన్నగానే పడిందాయె."

"అయితే నాన్నదే తప్పంటావు."

"నాన్న మాట ఎత్తకు. ఈ బండ దగ్గర ఇంతమంది ఉన్నాం. ఒక్కరం కూడా సుత్తిని పక్కనుంచి చూడలేదు. అందరం నా చేతినే చూశాం."

"ఏమైనా సరే, ఈ బండ మీద ఆ సుత్తే పడాలక్కా. ఇంటి పద్ధతి."

"బండకి ఏ పట్టింపూ లేదురా. నీకుంది."

అతను కొత్త సుత్తిని ఆమె చేతిలో పెట్టలేదు. పీట మీద పెట్టి వెళ్లాడు. ఆమె దాన్ని తీసుకుని పీట మీద తను కూర్చుంది.

కానీ పని అనుకున్నంత తేలిగ్గా లొంగలేదు. దుకాణం మెట్టు మీద ఒక్కో ముద్రా చూసుకుంటూ కొట్టింది కనక సరిపోయింది. ఇక్కడ వరసగా కొడుతుంటే, ఆలోచన పక్కకి వెళ్లగానే కుడిచెయ్యి తనంతట తానే ముద్రను వంచేది. ఇన్నేళ్ల వంపు ఒక్క పూటలో పోతుందా? అంచు వరస మొత్తం అటు పక్కకి వాలిపోయింది. తమ్ముడు వెనక నిలబడి చూశాడు.

"చూశావా? సుత్తి మారినా అంతే."

"చూశాను. ఇది నా తప్పే."

"మరి?"

"ఇన్నాళ్లూ మోసిన తప్పు నాది కాదు, అందుకే దిద్దలేకపోయాను. ఇది నాది. దీన్ని దిద్దుకోగలను. నువ్వెళ్లి నీ పని చూసుకో."

చెత్తబుట్టలోని తోలు ముక్కలన్నీ ముందేసుకుంది. ముద్ర పట్టే చేతిని కొత్తగా బడిలో వేసింది. వంగినప్పుడల్లా ఆపేది, నిటారుగా పెట్టేది, మళ్లీ కొట్టేది. మరదలు కాఫీ తెచ్చి, "వదినా, చల్లారిపోతోంది" అని చెప్పి చెప్పి, చివరికి తనే తాగేసి వెళ్లింది. బుట్ట ఖాళీ అయ్యి, పాడైన ముక్కలతో మళ్లీ నిండింది. ఒక మధ్యాహ్నం బాబాయ్ దెబ్బ చప్పుడు విని, సూది ఆపి, తల ఎత్తకుండానే, "ఒరేయ్ అబ్బాయ్, ఆ దారపు ఉండ ఇలా విసురు" అన్నాడు. ఉండ రాలేదు. తలెత్తి చూశాడు. బండ దగ్గర ఎడమక్క ఉంది. తమ్ముడు వెనక వసారాలో తోలు నానబెడుతున్నాడు.

బాబాయ్ లేచి వెళ్లి ఉండ తనే తెచ్చుకున్నాడు. అది చూసి ఆమె తలుపు రెక్క తోలు బండ మీదికి లాక్కుంది.

రెండు రెక్కలూ అయ్యాక గోడకు ఆనించి పక్కపక్కనే నిలబెట్టారు. తమ్ముడు కిటికీ తలుపు ఒకటి మూసి, వెలుతురు ఒక పక్క నుంచే పడేలా చేశాడు. ముగ్గురూ చూశారు.

ఎడమ రెక్కలో ఒక్క ముద్ర కూడా వాలలేదు. ఈనెలు, రేకులు, గింజల నేల, అన్నీ ఒకే ఊపిరితో పడ్డట్టున్నాయి. కుడి రెక్కా బాగుంది. కానీ తమ్ముడిది బరువైన పాత సుత్తి. అతని తీగ నీడలు ముదురుగా, లోతుగా దిగాయి. ఆమెవి పలచగా ఉన్నాయి. ఎడమ నుంచి పాకిన తీగ నడి గీత దాటగానే గుంటలో కాలు పెట్టినట్టు దిగబడింది.

"బాబాయ్, నువ్వు చెప్పు" అన్నాడు తమ్ముడు.

బాబాయ్ గడ్డం గోక్కున్నాడు. "ఏది బాగుందంటే చెప్పలేను. తేడా ఉందా అంటే ఉంది. మనిషి సగం ముఖమే కడుక్కున్నట్టుంది."

"తేడా ఉంది అక్కా."

"ఉంది."

"లేస్తానన్నావు."

"అన్నాను."

ఆమె లేచింది. తమ్ముడు ఊపిరి వదిలాడు. ఆమె రంగు డబ్బాల వైపు వెళ్లలేదు. తోళ్లు వేలాడదీసిన దండెం దగ్గరికి వెళ్లి, అన్నిటికన్నా పెద్దదాన్ని లాగి, కోతబల్ల మీద పరిచింది.

"అది వేరే పనికి పెట్టింది!"

"తెలుసు."

"ఏం చేస్తున్నావ్?"

"కుడి రెక్క. అది కూడా నేనే కొడతాను. అప్పుడు తేడా ఉండదు."

"మాట మీద ఉంటానన్నావుగా! నీకన్నా ముందు పుట్టాను అన్నావుగా!"

"మాట తప్పుతున్నాను. తెలిసే తప్పుతున్నాను. కావాలంటే వీధిలోకెళ్లి అందరికీ చెప్పుకో. నా చెయ్యి వంకర అని ఇన్నేళ్లు అన్నారు, పడ్డాను. మాట మీద నిలబడదని ఇంకో ఇన్నేళ్లు అనండి. పడతాను. బండ మాత్రం వదలను."

కత్తి పెట్టి నిలువునా కోసింది. కొత్త తోలు వాసన గదిలోకి వచ్చింది. కోసిన తోలును ఇక ఎవరూ అతికించలేరు. తమ్ముడు చెయ్యి ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక, జేబులో పెట్టుకున్నాడు.

"మరి నేను కొట్టింది?"

"బంగారంలా ఉంది. దానికి జత నువ్వే కొట్టుకో. ఇంకో తలుపు రాకపోదు."

బాబాయ్ నోరు తెరిచాడు. ఆమె అతని వైపు చూసింది. బాబాయ్ నోరు మూసుకుని సూదిలో దారం వెతుక్కున్నాడు.

ఆమె తోలును తడిపి బండ మీద పరిచింది. ముడత లేకుండా అరచేత్తో తుడిచింది. తీగ ఎక్కడ నడి గీత దాటాలో అక్కడ ముద్ర నిలబెట్టి, సుత్తి ఎత్తింది. తోలు మీద నీడ పడి ఉంది. తమ్ముడు కిటికీకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"వాళ్లకి వారంలో కావాలి" అన్నాడు.

"ఇస్తాను. ముందు నువ్వు పక్కకి జరుగు. వెలుతురు రావట్లేదు."

అతను వెంటనే జరగలేదు. ఆమె సుత్తి దించలేదు, కొట్టలేదు, అలాగే పట్టుకుని చూసింది. చివరికి అతను జరిగాడు. తాను మూసిన కిటికీ తలుపు తానే తెరిచాడు.