దుంకిండన్న మాటకు పంచనామా

మా పెద్దన్న మంజీరలో పోయిన రోజు మాకు ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. ఒక్క మాట కోసం పోలీసు జమేదారుతో కొట్లాడటానికే పొద్దంతా సరిపోయింది.

అప్పటికి మా తెలంగాణ ఆంధ్రతో కలిసి రెండు మూడేళ్ళయి ఉంటుంది. బోధన్ మిల్లుకు చెరకు తోలే రోజులు. అన్న అవతలి ఒడ్డు నుంచి చెరకు బండి తోలుకొస్తుంటే ఏటి మధ్యలో ఇసుక కుంగింది. ఎద్దులు మడుగు వైపు జారిపోతున్నాయి. అన్న బండి మీది నుంచి దూకి, కాడికి కట్టిన మెడతాళ్ళు విప్పి వాటిని వదిలేశాడు. ఎద్దులు ఈది ఒడ్డెక్కాయి. బండి మాత్రం ఒరిగి, చెరకంతా అన్న మీద పడింది. వెనక బండి తోలేవాడు అన్నను బయటికి లాగేసరికే ప్రాణం పోయింది.

జమేదారు సైకిలు మీద వచ్చాడు. కోస్తా వైపు నుంచి బదిలీ అయి వచ్చిన మనిషి. ఊళ్ళోవాళ్ళను ఐదుగురిని పంచులుగా కూచోబెట్టి, శవం పక్కనే పంచనామా మొదలుపెట్టాడు. అంతకుముందు ఆ కాగితాలు ఉర్దూలో ఉండేవి. ఇప్పుడు తెలుగులో రాస్తారంటే బతికిపోయామనుకున్నాం. ఎక్కడ!

“ఎలా పడ్డాడు?” అన్నాడు జమేదారు.

“పడలేదు సారూ, దుంకిండు,” అన్నాడు వెనక బండివాడు, అదేదో గొప్పలా.

“తనంతట తానే దూకాడా?”

“మరి ఎవలన్న నూకిండ్రా? ఎవలో చెప్పేదాంక ఆగే మనిషి కాదు మా వోడు.”

జమేదారు కలం ఆగింది. “ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?”

పక్కనే నిలబడ్డ మా ఊరి పోలీసు పటేలుకు నోరెక్కడ మూసుకోవాలో ఏనాడూ తెలియదు. “ఆలుమొగలన్నంక ఉండయా సారూ? నిన్న గూడ సల్ల పుల్లగైందని లొల్లి చేసిండు.”

జమేదారు గబగబా రాసి పైకి చదివాడు. ‘భార్యతో మనస్పర్థల వల్ల నదిలో దూకి మరణించినట్లు పంచుల అభిప్రాయం.’ మనస్పర్థలంటే ఏమిటో తెలియని పంచులు ఐదుగురూ తలలూపి బొటనవేళ్ళు చాపారు! నేను చదివింది రెండో తరగతి. ఆ మాట నాకూ తెలియదు. కానీ ‘భార్యతో’ అన్నది తెలిసింది.

“ఓ కాకా, ఏలు తియ్! వదినె వల్లనే సచ్చిండని రాస్తుండు, మీరు ముద్రలేస్తుండ్రు!” అని అరిచాను.

ఆ కాగితం అట్లాగే పోతే వదిన బతుకు ఏం కావాలి? మొగుణ్ణి ఏట్లోకి తోలిందని అందరూ అంటారు. ఇద్దరు పిల్లలు ఆ మాట వింటూ పెరగాలి.

బండివాణ్ణి బతిమాలాను. “అన్నా, పడ్డడని చెప్పరాదే.”

“అబద్ధమెట్ల చెప్త చెల్లే? పడ్డడంటే సాతగానోడైతడు. కండ్లార సూసిన, దుంకిండు!”

తల బాదుకోవాలనిపించింది. జమేదారుకూ విసుగొచ్చింది. “దూకాడంటారు, చావడానికి కాదంటారు. ఈ చలిలో ఈతకు దూకాడా?”

అప్పటిదాకా అన్న తల దగ్గర కూర్చున్న వదిన లేచింది. ఎద్దుల మెడలకు వేలాడుతున్న తాళ్ళు తెచ్చి అతని ముందు పడేసింది.

“దుంకిండని రాసినవ్, ఎందుకు దుంకిండో అడిగినవా సారూ? సూడు, తెగలేదు, కొయ్యలేదు. ముడులిప్పిండు. సచ్చెటోనికి ఎడ్లతోని ఏం పని? ఎడ్లనిడువనీకి దుంకిండని రాయ్. సల్ల ముచ్చట కొట్టెయ్.”

జమేదారు తాళ్ళు తిప్పి తిప్పి చూశాడు. పాత మాటలు కొట్టేసి, ఎద్దులను విడవడానికి దూకాడని పైన రాశాడు.

వదిన నన్ను పిలిచింది. “కొట్టేసిందాంట్ల ఏమన్న కనిపిస్తుందా, సదువు.”

“‘భార్యతో’ కనిపిస్తుంది వదినె.”

“ఇంకో గీత గియ్ సారూ.”

గీశాడు. ఇంకా కనిపిస్తోందన్నాను. కోపంతో బరికాడు, కాగితం చిరిగింది. జమేదారు నెత్తి పట్టుకుని, కొత్త కాగితం తీసి మొదటి నుంచి రాశాడు. వదిన ఒక్కో మాటా నాతో చదివించుకుని, అప్పుడు పంచుల వైపు తిరిగి, “ఇగ వెయ్యుండ్రి,” అంది.