రెండు నొక్కుల గురువుగారు

మా ఆఫీసులో గురువుగారని పిలిపించుకునే మహానుభావుడొకడున్నాడు. ఆయన పాండిత్యమంతా ఒకే ఒక్క మీటను రెండుసార్లు నొక్కడంలో ఉంది. వెటకారానికి అనడం లేదు, ఉన్నమాటే.

ప్రోగ్రాంను లైను లైనుకీ ఆపి తప్పు వెతకడానికి మేం డీబగ్గర్ వాడతాం. మా పాత డీబగ్గర్‌కి ఒక రోగం ఉండేది. దాని విండో తెర మీదికి వచ్చేది గానీ, నొక్కిన మీట దానికి అందేది కాదు. ప్రతి లైనుకీ మొదటి నొక్కు విండోను లేపడానికే సరిపోయేది. రెండో నొక్కుకి గానీ లైను కదిలేది కాదు. ఈ కిటుకు కనిపెట్టింది ఈయనే. దాంతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు. కొత్తగా చేరినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, "టక్ టక్. చూశావా? రెండు. ఇది పుస్తకాల్లో ఉండదు" అని ఉపదేశించేవాడు. మేనేజరుకి స్వయానా బావమరిది కాబట్టి నోరు మూసుకుని వినేవాళ్లం. ఇంట్లో కాలింగ్ బెల్లూ రెండుసార్లే నొక్కుతాడట. "మొదటిదానికే తలుపు తీస్తే మొహం మాడ్చుకుంటారమ్మా" అని వాళ్లావిడ ఒకసారి నాతో వాపోయింది.

ఈ మధ్య డీబగ్గర్ కొత్త వెర్షన్ వచ్చింది. రోగం కుదిరింది. ఒక నొక్కుకి ఒక లైను. గురువుగారి వేలికి మాత్రం ఆ కబురు అందలేదు.

అప్పుడే, ఒక ఆసుపత్రికి చేస్తున్న ప్రోగ్రాం చంటిపిల్లలకి పెద్దవాళ్ల మోతాదులో మందు రాస్తోందని పరీక్షలో బయటపడింది. ఆ భాగం సగం ఆయనది, సగం నాది. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

"నా లైన్లన్నీ ఒక్కొక్కటే చూశాను బావగారూ. తప్పు ఈ అమ్మాయిదే" అన్నాడు గురువుగారు మేనేజరుతో.

"అయితే ఇంకో ఉద్యోగం చూసుకోమ్మా" అన్నాడు మేనేజరు, తలైనా ఎత్తకుండా.

నాకు ఒళ్లు మండింది. "ఒక్కసారి నా ముందు చూపించమనండి సార్" అన్నాను.

గురువుగారు దర్జాగా కూర్చుని టక్ టక్‌మనిపించాడు. తెర మీద, ఆగిన లైనుని చూపించే పసుపు గుర్తు లైను విడిచి లైను గెంతుకుంటూ పోతోంది. ఆయన తెర చూస్తే కదా! మా మొహాల్లో మెచ్చుకోలు వెతుక్కుంటున్నాడు. వయసు లెక్కేసే చోటు రాబోతుండగా చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇప్పుడు ఒక్కసారే నొక్కండి."

నొక్కాడు. గుర్తు ఆయన రాసిన లైను మీదే ఆగింది. నెలల్లో ఇచ్చిన వయసుని ఏళ్లుగా తీసుకుంటోంది. పద్దెనిమిది నెలల పాప పద్దెనిమిదేళ్ల పిల్లయి కూర్చుంది.

గురువుగారు తడుముకోనైనా లేదు. "చూశారా బావగారూ! కొత్త వెర్షన్ లైన్లు మింగేస్తోంది. నేను ముందే మొత్తుకున్నాను."

మేనేజరు నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

ఆ అడగడంలోనే నా ఉద్యోగం ఉంది. "అవును సార్, వెర్షన్‌దే తప్పు" అన్నాను.

సాయంత్రానికల్లా ఆ లైను దిద్దడం అయింది, అందరి కంప్యూటర్లలోకీ పాత డీబగ్గర్ తిరిగొచ్చింది. నా ఉద్యోగం పర్మనెంటయింది.

మొన్న కొత్తగా చేరినావిడకి పని నేర్పమని నన్నే కూర్చోబెట్టారు. "రెండుసార్లు ఎందుకండీ?" అని అడిగింది.

"ఇది పుస్తకాల్లో ఉండదు" అన్నాను.

పక్క సీట్లోంచి గురువుగారు మెచ్చుకోలుగా తలూపాడు. ఆఫీసులో నాకు అంతకు మించిన అవమానం జరగలేదు.