ఉప్పు తక్కువాయన వండిన సూప్

ఆయన అసలు పేరు పోస్ట్‌మన్‌కి తప్ప ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. పత్రికలో వారం వారం హోటళ్ల భోజనం మీద తీర్పులు రాస్తాడు. ఏ తీర్పు చూసినా చివరి వాక్యం ఒకటే: ‘ఉప్పు కాస్త తక్కువ.’ దాంతో ‘ఉప్పు తక్కువాయన’గా స్థిరపడిపోయాడు.

చొక్కా జేబులో సొంత చెంచా పెట్టుకుని, డాక్టరు స్టెతస్కోపు మోసినంత గంభీరంగా తిరుగుతాడు. ఏ వంటకమైనా ఒక్క చెంచా నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, తీర్పు చెప్పి, పక్క గిన్నెకు వెళ్లిపోతాడు. రెండో చెంచా వృత్తిధర్మానికి విరుద్ధమని ఆయన నమ్మకం. ఇంట్లో మాత్రం భార్య ఏం పెట్టినా నోరెత్తకుండా తింటాడు. ధైర్యానికీ హద్దులుంటాయి.

ఒకసారి ఆ హద్దు కాస్తా దాటాడు. సొంత బావమరిది హోటల్లో సూప్ తాగి అదే వాక్యం రాశాడు. అప్పట్నుంచి బావమరిది వాళ్లింటి గడప తొక్కలేదు. ఎక్కడైనా ఎదురుపడితే, "అక్కా, మీ ఆయన్ని కాస్త పక్కకి జరగమను" అంటాడు. ఆ ఆయన అక్కడే ఉంటాడు, జరుగుతాడు కూడా.

ఇంతలో పిల్లల ఆస్పత్రి సహాయార్థం విందు తలపెట్టినవాళ్లకి ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఈసారి విమర్శకులు వండాలి, వంటవాళ్లు కూర్చుని తినాలి. టికెట్ల కోసం వంటవాళ్లు కొట్టుకున్నంత పని చేశారు. పుణ్యంతో కలిపి పగ దొరకడం అరుదు కదా! ఉప్పు తక్కువాయనకు టమాటా సూప్ పడింది. బావమరిది ఏరికోరి ఆయన వడ్డించే బల్ల దగ్గరే కూర్చున్నాడు.

"చూడండి," అంది భార్య, ఆయన ఆప్రాన్ ముడి బిగిస్తూ. "ఇవాళ మా తమ్ముడు మీతో నోరు విప్పి మాట్లాడాలి. లేకపోతే రేపట్నుంచి ఇంట్లో వంట మీదే."

"వాడు మాట్లాడకపోతే నేనేం చేసేది?"

"మంచి సూప్ చెయ్యండి. ఊరందరికీ నేర్పారుగా!"

హాలు వెనక వంటింట్లో, మిఠాయిల మీద రాసే విమర్శకురాలు గట్టిపడని పుడింగ్‌ని బతిమాలుకుంటోంది. ఈయన టమాటాలు ఉడికించాడు, వడకట్టాడు, వెన్న వేశాడు, మిరియాలు చల్లాడు. అంతా సలక్షణంగా జరిగింది. ఆఖర్న జేబులోంచి చెంచా తీసి, రుచి చూసి, కళ్లు మూసుకున్నాడు.

"ఉప్పు తక్కువ" అని ప్రకటించాడు. చెంచా తుడిచి జేబులో పెట్టుకుని, సూప్ గిన్నెతో వడ్డనకు బయల్దేరాడు. ఉప్పు డబ్బా మూత తెరుచుకుని పక్కనే ఉంది.

బావమరిది ఒక్క చెంచా తాగాడు. ముఖం అదోలా పెట్టాడు.

"అక్కా, ఇందులో ఉప్పు వేశాడేమో మీ ఆయన్ని అడుగు."

"అడుగుతున్నాడు, చెప్పండి" అంది తమ్ముడి పక్కనే కూర్చున్న ఆవిడ నీరసంగా. రేపటి వంట ఆమె కళ్లముందు కనిపిస్తోంది.

"తక్కువని నాకూ తెలుసు," అన్నాడాయన హుందాగా. "వంటింట్లోనే చెప్పాను."

"ఎవరికి చెప్పావు బావా?" నోరు జారాడు బావమరిది.

"అందరికీ వినబడేట్టే చెప్పాను."

"చెప్పి?"

"చెప్పి... చెంచా తుడుచుకున్నాను."

తక్కువైన ఉప్పు వెయ్యాల్సింది కూడా తనేనన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. బావమరిదికి నవ్వీ నవ్వీ పొలమారింది.

"ఇన్నాళ్లూ నామీద కక్షతో రాశావనుకున్నాను బావా! నీకు వచ్చిందే ఆ ఒక్క ముక్కన్నమాట!"

"బావా అన్నాడు, విన్నారా!" అంది భార్య, బల్లంతటికీ సాక్ష్యం చెప్పిస్తున్నట్టు.

ఆ ఆదివారమే బావమరిది గిన్నెడు సూప్ పట్టుకుని ఇంటికొచ్చాడు. ఉప్పు తక్కువాయన జేబులోంచి చెంచా తీశాడు. ఒక్క చెంచా తాగి కళ్లు మూసుకున్నాడు. అక్కాతమ్ముళ్లు ఊపిరి బిగబట్టారు.

"ఉప్పు..." అని, కళ్లు తెరిచి, కుర్చీలోంచి లేచాడు. "ఇంతకీ మనింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందే?"