నేలెలా ఉంది మావయ్యా?

గడ్డి కోసేవాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి! గోలు కొట్టినవాడి పేరు ఊరంతా మోగుతుంది, ఆపినవాడి ఫొటో పేపర్లో పడుతుంది, ఓడితే కోచ్‌ని తిట్టుకుంటారు. ఆ గడ్డిని కన్నబిడ్డలా సాకినవాణ్ణి మాత్రం, ఎప్పుడైనా బంతి గతుకులో పడి పక్కకి దూకితేనే తలుచుకుంటారు, అదీ బూతుతో. మన గడ్డి మావయ్యకి ఇదంతా అలవాటే. క్లబ్బు మైదానం ఆయన చేతికొచ్చినప్పుడు తల నల్లగా నిగనిగలాడేది. ఇప్పుడు గీతలు గీసే సున్నానికీ ఆయన జుట్టుకీ పెద్ద తేడా లేదు.

గ్యాలరీ మెట్ల కింద ఆయన గది. అందులో కోత మిషను, చుట్టలు చుట్టిన నీళ్ళ గొట్టాలు, సున్నం బస్తాలు, ఒక మడత కుర్చీ. ఎప్పుడు వెళ్ళినా పెట్రోలూ పచ్చిగడ్డీ కలిసిన వాసన. గోడకి ఒక మేకు, ఆ మేకుకి నీళ్ళ వాల్వు తిప్పే పొడుగాటి ఇనప పిడి. దాన్ని ఆయన తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. భార్య నవ్వేది, “నా తాళిబొట్టుకి కూడా ఇంత కాపలా లేదు” అని.

ఆ గదిలోకి ఒకనాడు బొంగరం వచ్చిపడ్డాడు.

బొంగరం అన్నది జనం పెట్టిన పేరు. ఎడమ అంచున వాడి కాలికి బంతి దొరికిందా, ఎదురొచ్చినవాడి చుట్టూ గిర్రున తిరిగి మాయమయ్యేవాడు. చూసేవాళ్ళకి పండగ, ఆపాల్సినవాడికి చావు. పదిహేడు నిండకుండానే పెద్ద జట్టులోకి తీసుకున్నారు. కాళ్ళలో ఎంత విద్య ఉందో నోట్లో అంత దురుసు. మొదటి సీజన్లోనే రిఫరీ మీదికి వెళ్ళి రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. ఇంకోసారి ఆట మధ్యలో కోచ్ బయటికి పిలిస్తే చొక్కా విప్పి ఆయన కాళ్ళ దగ్గర పారేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని చాలామందిని చూశాం. వీడు బ్రహ్మాండంగా ఆడుతూ కూడా మద్దెల ఓడనేవాడు! గోలు తప్పితే గాలి, పాసు తప్పితే పక్కవాడు, బెంచీ మీద కూర్చోబెడితే కోచ్ కుళ్ళు. తప్పు వాడి గడప తొక్కిన పాపాన పోలేదు.

చొక్కా విసిరిన గొడవ తర్వాత కోచ్ వాణ్ణి ప్రాక్టీసుకే రావద్దన్నాడు. అప్పుడు పట్టింది వాడికి గడ్డి మావయ్య గది. అందరూ వెళ్ళిపోయాక సాయంత్రం గోలు వెనకున్న ఖాళీ జాగాలో బంతి ఆడుకోనిచ్చేవాడు ఆయన. అది నిషేధం. అయినా ఆయనకి పిల్లల్లేరు, ఆ కుర్రాడికి తండ్రి లేడు. పైకి మాత్రం, “ఒరేయ్, గడ్డి పెల్లగించావంటే కాళ్ళు విరగ్గొడతా” అని అరిచేవాడు. భార్య పంపిన డబ్బాలో సగం వాడికి పెట్టేవాడు.

“మావయ్యా, ఇంత గడ్డి పెంచావు, ఒక ఆవునైనా పెంచకపోయావా?” అనేవాడు వాడు నోటి నిండా అన్నంతో.

“నిన్ను మేపుతున్నాగా, చాలదూ?”

ఆ గదిలో ఒక రహస్యం కూడా ఉండేది. అవతలి జట్టులో అంచుల వెంబడి పరిగెత్తే గట్టివాడు ఎవడైనా ఉంటే, ఆట ముందు రెండు జట్లూ ఒళ్ళు వేడెక్కించుకుని లోపలికి వెళ్ళాక, కోచ్ ఈయనకి కనుసైగ చేసేవాడు. ఈయన వాల్వు తిప్పి రెండు అంచులూ నానబెట్టేవాడు. నడిమి పొడిగా ఉంచేవాడు, ఎందుకంటే బొంగరం బయటుంటే సొంత జట్టు ఆటంతా నడిమిలోనే. గట్టి నేల అనుకుని పొట్టి మేకుల బూట్లు తొడుక్కున్న అవతలివాడు అంచున పట్టు దొరక్క జారుతుంటే, బొంగరం గొట్టం చుట్ట మీద కూర్చుని కడుపుబ్బ నవ్వేవాడు. “వాడికి భలే స్నానం చేయించావు మావయ్యా!” ఈయనా నవ్వేవాడు. ఆటకు ముందు నీళ్ళు పెట్టకూడదని రూలేం లేదుగా. అప్పట్లో దాన్ని తప్పని ఎవరనుకున్నారు?

కొన్నాళ్ళకి కోచ్ మళ్ళీ ఆడనిచ్చాక, బొంగరానికి ప్రతి ఆటకీ ముందు ఒకే ప్రశ్న. “నేలెలా ఉంది మావయ్యా?” ఈయన చెప్పినదాన్ని బట్టి బూట్లు ఎంచుకునేవాడు. తను కాలు పెట్టి చూసుకునేవాడు కాదు. ఆ నమ్మకం గడ్డి మావయ్యకి జీతం కంటే ఎక్కువ.

మరుసటి ఏడాది క్లబ్బు వాణ్ణి వదిలించుకుంది. వేరే ఊరి జట్టుకిచ్చేశారు. వెళ్ళేటప్పుడు వాడు గదికి రాలేదు. వస్తాడని ఆయన రెండు డబ్బాలు తెప్పించుకుని కూర్చున్నాడు. వాడు కారెక్కి వెళ్ళిపోయాడని వాచ్‌మన్ చెప్పాడు. “చిన్నవాడు, కోపంలో ఉన్నాడు” అంది భార్య. “నేనేమన్నా అన్నానా?” అన్నాడు ఈయన. అనలేదు గానీ, వాడు చెప్పకుండా పోవడం ముల్లులా లోపల ఉండిపోయింది.

కొత్త జట్టులో వాడు చెలరేగిపోయాడు. దేశపు జట్టుకి ఎంపిక చేసేవాళ్ళ కళ్ళు కూడా పడ్డాయన్నారు. ఆ ఊపులో ఉండగానే ఒక ఆదివారం ఈ మైదానానికి, అవతలి జట్టు చొక్కాలో వచ్చాడు.

బస్సు దిగీ దిగగానే సరాసరి మెట్ల కిందికి పరిగెత్తుకొచ్చాడు. “మావయ్యా! అత్త బాగుందా? ఆ రోజు నీ మొహం చూస్తే ఏడ్చేస్తానని రాలేదు, తిట్టుకోకు” అన్నాడు గబగబా. తర్వాత మామూలుగా, “నేలెలా ఉంది?”

“రాయిలా ఉంది. పొట్టి మేకులవే తొడుక్కో” అన్నాడు గడ్డి మావయ్య. అది నిజమే. ఆ క్షణానికి అక్షరాలా నిజం.

జట్లు ఒళ్ళు వేడెక్కించుకుని లోపలికి వెళ్ళాయి. కోచ్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఈసారి కనుసైగ కాదు, నోటితోనే చెప్పాడు. “రెండు అంచులూ బాగా నానాలి. వాడు మన దగ్గర నేర్చుకుని మన మీదే ఎగురుతాడా?”

పిడి మేకు మీద ఉంది. గడ్డి మావయ్య దాని వంక చూశాడు. కాదనొచ్చు. వాల్వు పాడైందని అబద్ధమైనా చెప్పొచ్చు. కానీ ఇన్నేళ్ళూ ఆ ఆజ్ఞ వినగానే చెయ్యి దానంతటదే లేచేది, ఆ రోజూ లేచింది. నీళ్ళు చిమ్ముతుంటే తనకి తను నచ్చచెప్పుకున్నాడు. ‘వాడికి తెలిసిన ఎత్తేగా. బయటికి రాగానే ఒక్క మాట చెవిలో వేస్తే సరి, బూట్లు మార్చుకుంటాడు.’

అవతలి జట్టు గది గ్యాలరీ వెనక. అక్కడి నుంచి మైదానం కనపడదు. వరసగా బయటికొస్తున్నారు. బొంగరం ఈయన్ని చూసి కన్నుకొట్టి, దాటిపోతూ భుజం మీద చరిచాడు. కాళ్ళకి పొట్టి మేకుల బూట్లు. ఒక్క మాట. ‘మార్చుకోరా’ అంటే చాలు. కోచ్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు, నిజమే. ఉద్యోగం భయం, అదీ నిజమే. కానీ గడ్డి మావయ్య ఆ తర్వాత ఎన్నిసార్లు తవ్వుకున్నా, వాటి అడుగున ఇంకొకటి తగిలేది. వాడి ఛాతీ మీద పరాయి జట్టు గుర్తు చూసినప్పుడు, ‘ఒకటి రెండుసార్లు జారితే జారనీలే వెధవ’ అనిపించింది. ఛీ! అలా అనిపించిన మాట నిజం. నోరు మూసుకున్నాడు.

ఆట మొదలైన కాసేపటికే బంతి ఎడమ అంచున వాడికి దొరికింది. మామూలుగా తిరిగే తిరుగే తిరిగాడు. ఒళ్ళు తిరిగింది, ఆనుకున్న కాలు నిలవలేదు. మోకాలు పక్కకి మడతపడింది. జనం హోరులో కూడా ఆ కేక గడ్డి మావయ్య దాకా వచ్చింది. స్ట్రెచర్ మీద మోసుకుపోతుంటే వాడి నిక్కరు పక్కంతా తడి మట్టి.

మోకాలి లోపల లిగమెంటు తెగిందన్నారు డాక్టర్లు. ఆపరేషను, ఆపైన ఏడాది. ఆ తర్వాతైనా ఆ తిరుగు తిరగగలడో లేదో చెప్పలేమన్నారు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. భార్య అడక్కముందే, “నేనేం చేశాను, కోచ్ చెప్పాడు” అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఆవిడకి అర్థం కావడానికి అంతకంటే ఏం కావాలి?

“ఏమయ్యా, నీళ్ళు పెట్టావా?”

తలూపాడు.

“పిల్లాడికి చెప్పావా?”

తల ఊగలేదు. ఆవిడ ఆయన ముందున్న కంచం తీసి లోపల పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

ఆస్పత్రికి వెళ్ళాడు, ఎలాగైనా చెప్పేద్దామనే. మంచం పక్కన వాడి తల్లి కూర్చుని ఉంది. బట్టలు కుట్టి వీణ్ణి పెంచిన మనిషి. ఈయన్ని చూసి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. “చూశావా అన్నయ్యా, పేపరువాళ్ళు వస్తే వీడేమన్నాడో? ‘తప్పు నాదే, నేల చూసుకోకుండా దిగాను’ అన్నాడు. రిఫరీని అనలా, కోచ్‌ని అనలా. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వీడి నోట ఆ ముక్క విన్నాను. కాలు పోతే పోయింది, నా బిడ్డకి మనిషితనం వచ్చింది.”

బొంగరం సిగ్గుపడుతూ పైకప్పు చూస్తున్నాడు. “నువ్వు నేల గట్టిదన్నావు, అంచుల దగ్గర నేనే ఒకసారి తొక్కి చూడాల్సింది. నీళ్ళు మేం లోపలికెళ్ళాక ఇంకెవడో పెట్టి ఉంటాడు, నీక్కూడా చెప్పి ఉండరు మావయ్యా” అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా కూర్చుని, డబ్బా అక్కడ పెట్టి, వచ్చేశాడు గడ్డి మావయ్య. ఇప్పుడు చెబితే వాడికొచ్చిన ఆ కాస్త బుద్ధీ లాక్కున్నట్టే కదా అనుకున్నాడు. చెప్పకపోవడానికి ఇంత మంచి కారణం దొరికినందుకు లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి తెలిసొచ్చాకే తనమీద తనకి అసహ్యం పుట్టింది. నిద్రా తిండీ రెండూ పోయాయి. చివరికి భార్యే అంది. “వాడు నీ తప్పు మోస్తున్నాడు, నువ్వు నా వంట మోస్తున్నావు. ఇక నేను డబ్బా కట్టను.”

ఈసారి తల్లి లేని వేళ చూసుకుని వెళ్ళాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

“నీళ్ళు పెట్టింది నేనేరా. మీరు లోపలికెళ్ళాక.”

బొంగరం మొదట నవ్వాడు, హాస్యమనుకుని. మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. “కోచ్ చెప్పాడా?”

ఔనంటే సగం బరువు దిగిపోయేది. “పెట్టమన్నది ఆయన. నీకు చెప్పొద్దని మాత్రం ఎవరూ అనలేదు. నువ్వు నా భుజం మీద చరిచి వెళ్ళావు చూడు, అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. అది నా సొంతం.”

“ఎందుకు?”

“ఒకసారి జారితే జారనీ అనుకున్నా.”

కారిడార్లో ఎవరో చక్రాల మంచం తోసుకుంటూ వెళ్ళారు. బొంగరం దుప్పటి మోకాలి కట్టు మీదికి లాక్కున్నాడు.

“జన్మలో ఒక్క తప్పు ఒప్పుకున్నాను మావయ్యా. మా అమ్మ పదిమందికి చెప్పుకుని మురిసిపోతోంది. ఇప్పుడు ఆ తప్పు కూడా నాది కాదంటావా?”

“పేపరువాళ్ళకి నేనే చెబుతాను.”

“వద్దు. అమ్మకి తెలియకూడదు.” గోడవైపు తిరిగిపోయాడు. “అత్త వంట బాగుందని చెప్పు. ఇక పంపొద్దని కూడా చెప్పు.”

వాడు మళ్ళీ ఆడతాడని ఎవరూ అనుకోలేదు. గోడ పట్టుకుని నడవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాడట. ఏడాది దాటాక బరిలోకి దిగాడు. వేగం కొంచెం తగ్గింది, తిరుగు అలాగే ఉంది. నోరు మాత్రం మెత్తబడిందన్నారు. పేపర్లో వాడి గురించి చిన్న ముక్క వచ్చినా గడ్డి మావయ్య కళ్ళజోడు తుడుచుకుని రెండేసిసార్లు చదివేవాడు.

మళ్ళీ ఒక ఆదివారం ఆ జట్టు ఈ మైదానానికి వచ్చింది. జట్లు ఒళ్ళు వేడెక్కించుకుని లోపలికి వెళ్ళాయి. కోచ్ గుమ్మంలోకొచ్చి, “అంచులు” అన్నాడు. గడ్డి మావయ్య మేకు మీది ఇనప పిడి తీసి ఆయన చేతిలో పెట్టాడు. “నా చేత కాదు సార్. మీరే తిప్పుకోండి.” కోచ్ ఎర్రగా చూశాడు. ఆ పిడి ఎటు తిప్పాలో ఆయనకేం తెలుసు, పైగా కాళ్ళకి కొత్త బూట్లు! గొణుక్కుంటూ దాన్ని అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. పని ఉంటుందో ఊడుతుందో మరి. ఆ పూటకి నేల మాత్రం పొడిగా ఉంది.

గడ్డి మావయ్య బయటికొచ్చి నిలబడ్డాడు. ఈ ఒక్క మాట వాడికి చెప్పాలి. నేల రాయిలా ఉందిరా, ఈసారి నీళ్ళు పెట్టలేదు, నిజంగా పెట్టలేదు. అడిగితే చాలు.

అందరూ లోపలున్నప్పుడు బొంగరం ఒక్కడే బయటికొచ్చాడు. మెడలో రెండు జతల బూట్లు వేలాడుతున్నాయి, పొట్టి మేకులవీ పొడుగు మేకులవీ. వట్టి కాళ్ళతో ఎడమ అంచున ఈ మూల నుంచి ఆ మూల దాకా మడమతో నొక్కుకుంటూ నడిచాడు. మైదానం దాటి రెండో అంచూ అలాగే తొక్కాడు. వంగి గడ్డిలో అరచెయ్యి పెట్టి, చెయ్యి తిప్పి చూసుకున్నాడు. గడ్డి మావయ్య ముందు నుంచే వెళ్ళాడు. ఆగాడు కూడా.

“అత్త బాగుందా?”

“బాగుంది నాయనా.”

అంతే. బెంచీ మీద కూర్చుని పొట్టి మేకుల బూట్లు తొడుక్కుని తాళ్ళు బిగించుకున్నాడు. నేలెలా ఉందని అడగలేదు.