ఆవకాయ రోజు వచ్చిన దగ్గు

మా పాత కారులో ఏసీ వేయగానే చల్లగాలి కంటే ముందు తడిసిన గోనెసంచి వాసన ఒకటి వస్తుంది. పిల్లలు ముక్కులు మూసుకుని నన్ను ఎగతాళి చేస్తారు. ఈ వేసవిలో ఆ వాసన వచ్చింది గానీ దాని వెనక రావలసిన చల్లదనం రాలేదు. మెకానిక్ బానెట్ ఎత్తి, పెన్నంత పరికరం ఒకదాన్ని గొట్టాల వెంట తిప్పుతూ పోయాడు. అది ఒకచోట టిక్కు టిక్కుమని గోల పెట్టింది. "ఇక్కడ గ్యాసు లీకవుతుంది మేడమ్, గంటలో అయిపోద్ది" అన్నాడు. మంట లేదు, రంగు లేదు, తలుపులు మూయడం లేదు. అయినా నేను షెడ్డులో ఉండలేక పిల్లల్ని తీసుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. కారు ఏసీలో గ్యాసు లీకు అన్న మాట వింటే నాకు ఇప్పటికీ భయం.

మాది రేపల్లె. నాన్న అక్కడ స్కూలు టీచరు. ఎనభైల్లో ప్రతి వేసవికీ నన్ను తెనాలిలో పెదనాన్న ఇంటికి పంపేవారు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ముంజలు తింటూ, ఆ రసం గౌను మీద కార్చుకుంటూ, జంపని దగ్గర చక్కెర ఫ్యాక్టరీ తీపి పులుపు వాసన ముక్కుకి తగిలితే తెనాలి వచ్చేసినట్టేనని సంబరపడుతూ వెళ్ళేదాన్ని. అక్కడ పెద్దమ్మ వడియాలకి కాపలా పేరుతో నన్ను డాబా మీద కూర్చోబెట్టేది, కాకులకంటే ఎక్కువ పచ్చి వడియాలు నేనే తినేదాన్ని. సాయంత్రం పక్కింటి పిల్లలతో తొక్కుడుబిళ్ళ, రాత్రి వాకిట్లో నవారు మంచాలు, ఆదివారం చర్చి. చర్చిలో పెదనాన్న పాట అందుకున్నాడంటే వెనక బెంచీలో కునుకు తీసే పెద్దమనుషులు ఉలిక్కిపడి సర్దుకునేవారు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆ గొంతే పెద్ద సందడి.

పెదనాన్నది ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసే పని. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులోకి వంటింటి వరండా నుంచి ఒక తలుపు, వీధిలోకి ఒక పెద్ద తలుపు. అప్పట్లో కారులో ఏసీ అంటే ఊరంతా చెప్పుకునే వింత. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే పాత అంబాసిడర్ ఒకటి ఉండేది. దాని యజమాని తర్వాతెప్పుడో ఎక్కడిదో ఏసీ తెచ్చి అందులో పెట్టించాడు. ప్రతి ముహూర్తాల సీజనుకీ అందులో గ్యాసు కారిపోయేది, ప్రతిసారీ అది మా షెడ్డుకే వచ్చేది.

లీకు వెతకడం పెదనాన్న ఒక పద్ధతిగా చేసేవాడు. ముందు గొట్టాల అతుకుల దగ్గర జిడ్డుగా దుమ్ము పట్టిందేమో చూసేవాడు, గ్యాసుతో పాటు నూనె కూడా చెమరుస్తుంది కాబట్టి. తర్వాత గడ్డం గీసుకునే బ్రష్షుతో సబ్బు నురగ పూసి బుడగ ఎక్కడ లేస్తుందా అని కాచుకునేవాడు. దానికీ దొరక్కపోతే దీపం తీసేవాడు. అది చిన్న గ్యాసు దీపం, మంట మధ్యలో రాగిబిళ్ళ, పక్కన రబ్బరు గొట్టం. గొట్టం కొస లీకు దగ్గరికి పోగానే మంట ఆకుపచ్చగా తిరిగేది, లీకు పెద్దదైతే ముదురు నీలం అయ్యేది. గాలికి మంట ఊగితే రంగు తెలియదు. అందుకని తలుపులు రెండూ మూసి, నన్ను బయటికి పంపి, దీపం వెలిగించేవాడు. రేకుల సందులోంచి ఆ పచ్చని మంట చూడటం నాకు దీపావళి కంటే ఇష్టం.

పెద్దమ్మకి ఆ దీపమంటే పడేది కాదు. షెడ్డు కిటికీ దగ్గర పాకిన సన్నజాజి ఆకుల అంచులు మాడినట్టు అయ్యాయి. నూనె రాసి పెట్టిన పానాలు తెల్లారేసరికి తుప్పెక్కేవి.

"ఏవండీ, ఆ షెడ్డులో బల్లులు కూడా ఉండట్లేదు, చూశారా?" అంది ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

"నన్ను చూసి భయపడి పోయుంటాయిలే" అన్నాడు పెదనాన్న. నేను పొలమారేలా నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు.

ఆ మే నెలలో పెద్దమ్మ ఆవకాయ పెట్టే రోజే కారు వచ్చింది. సాయంత్రం బాపట్లలో పెళ్ళి, అది కాగానే కొత్త దంపతుల్ని అందులో రేపల్లె తీసుకెళ్ళాలి. వరండాలో చాపల మీద తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కలు, బేసిన్లలో ఆవపిండి, అప్పుడే కొట్టించి తెచ్చిన కారం, ఎండలో కాగిన జాడీలు. ఆవకాయకి తడి తగలకూడదు, వేరే వాసన సోకకూడదు. అలాంటి రోజు పొద్దుటినుంచే గాలి రేగింది. కారం లేచి ఇంటిల్లిపాదీ, సాయానికొచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ ఒకటే దగ్గు, తుమ్ములు, ఒకరినొకరు చూసుకుని నవ్వులు.

లీకు డాష్‌బోర్డు వెనక ఉందని పెదనాన్న తేల్చాడు. అక్కడ నురగ పూసినా కనబడదు. దీపం పట్టుకుని కారులోకి దూరి, గాలికి మంట నిలవక, అద్దాలు కూడా ఎత్తేశాడు. "ఆ తలుపు సందు మూయవే, గాలి కొడుతోంది" అని లోపలినుంచి అరిచాడు. పెద్దమ్మకి ఆ మాటే చాలు. షెడ్డు వాసన ఆవకాయకి పట్టేస్తుందని ఆమె అప్పటికే సణుగుతోంది. గోనెసంచులు తడిపి పిండి, తలుపు కింద నుంచి పక్క సందుల దాకా గట్టిగా కుక్కేసింది. రేకుల సందులోంచి చూస్తే కారు అద్దాల వెనక మంట కనిపించింది. ఆ రోజు అది పచ్చగా లేదు, ముదురు నీలంగా ఉంది. నట్టు బిగించడం అయ్యేదాకా ఆ నీలం అలాగే ఉంది.

బయటికి వచ్చినప్పుడు పెదనాన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆగకుండా దగ్గుతున్నాడు. వరండాలో అందరూ దగ్గుతూనే ఉన్నారు. "మీకూ తగిలిందా మా కారం" అని పెద్దమ్మ నవ్వి మజ్జిగ ఇచ్చింది. అది తాగి, కొత్తగా గ్యాసు నింపి, గొట్టం మీది గాజు బిళ్ళలో బుడగలు ఆగేదాకా చూసి, ఇక బేఫికర్ అన్నాడు. మధ్యలో ఏసీ మొరాయిస్తే పరువు పోతుందని తనూ బయల్దేరాడు. రేపల్లెలో దింపేస్తానని నన్నూ ఎక్కించుకున్నాడు.

డ్రైవరు కోటయ్యకీ, కిటికీకీ మధ్య మేమిద్దరం. నా మోకాళ్ళ మీద చల్లగాలి కొడుతుంటే రోడ్డు మీద ఎండలో నడిచేవాళ్ళందరినీ మహారాణిలా చూశాను. పొన్నూరు దాటాక పెదనాన్న మాట్లాడటం మానేశాడు. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు. పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టు ఉన్నాయి.

"ఏంటి పెదనాన్నా, పాడట్లేదేంటి?" అన్నాను.

"కారం ఘాటమ్మా, తగ్గిపోద్ది" అన్నాడు. ఆ రెండు ముక్కలు చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఆగాడు. కోటయ్య ఒకసారి ఇటు తిరిగి చూసి కారు జోరు పెంచాడు.

బాపట్లలో పెళ్ళిపందిరికి కాకుండా తిన్నగా ఆసుపత్రికి పోనిచ్చాడు. ఏం తగిలిందని డాక్టరుగారు అడిగితే "కారం తగిలిందండి, ఇంట్లో ఆవకాయ పెడుతున్నారండి" అని కోటయ్యే చెప్పాడు. డాక్టరుగారు ఆ మాట నమ్మలేదు. ఈయన చేసే పనేంటని అడిగి, దీపం సంగతి విన్నాక ఆయన ముఖం మారిపోయింది. ఏసీ గ్యాసు మంటలో కాలితే విషమవుతుందనీ, పీల్చిన కొన్ని గంటలకి గానీ ఊపిరితిత్తుల మీద దెబ్బ తెలియదనీ కోటయ్యకి చెప్పారు. నేను బల్ల మీద కూర్చుని, పెదనాన్న చచ్చిపోతాడని అర్థమై, ఏడవడానికి కూడా భయపడ్డాను.

చచ్చిపోలేదు. చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికాడు. పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని "నేనే మూశానండి, ఆవకాయ పాడవుద్దని నేనే మూశాను" అంటే, "మూయమంది నేను కదే" అని గాలి కూడదీసుకుని చెప్పేవాడు. ఇద్దరూ ఆ తప్పు కోసం పోట్లాడుకున్నారు, ఎవరూ వదులుకోలేదు. ఆ తర్వాత చర్చిలో ఆయన పాటల పుస్తకం తెరిచి పెదవులు కదిపేవాడు, అంతే. తొంభైల్లో ఒక చలికాలం మామూలు జలుబుతో పడుకుని మళ్ళీ లేవలేదు.

పెద్దమ్మ ఆవకాయ పెట్టడం మానలేదు. కానీ ఆ రోజు ఎవరు దగ్గినా ఆ ఇంట్లో నవ్వు ఉండేది కాదు. పిండి చేతులు పైకెత్తి పట్టుకుని దగ్గినవాళ్ళ ఎదురుగా వచ్చి నిలబడేది, ఊపిరి ఎలా వస్తోందో చెవి ఒగ్గి వినేది, నాలుగు మాటలు మాట్లాడించి గాని కదిలేది కాదు. చిన్నతనంలో నాకది చాదస్తంగా, విసుగ్గా ఉండేది.

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. షెడ్డు ఉన్న చోట ఎవరిదో అపార్టుమెంటు లేచింది. మేము ఆవకాయ సీసాల్లో కొనుక్కుంటున్నాం. మెకానిక్ పని ముగించాక కారు తీసుకుని వస్తుంటే దుమ్ముకి కాబోలు దగ్గు తెర ఒకటి వచ్చి చాలాసేపు ఆగలేదు. వెనక సీట్లో పిల్లలు ఫోను చూసుకుంటున్నారు. చేతిలో పని వదిలేసి వచ్చి నా ఊపిరి వినే మనిషి ఇప్పుడు లేదు.